తన్ఖా, తనఖా: హజ్రమౌత్ నుంచి వచ్చిన ఒక జమేదార్ కథ



మన ఇళ్లల్లో పెళ్లి సంబంధం మాట్లాడుకునేటప్పుడు ఒక సవాల్ తప్పకుండా వస్తుంది. "ఖాందాన్ ఎక్కడిది?" అని. జవాబులు మీకూ తెలిసినవే. "మా పర్‌దాదా అరబ్‌స్తాన్ నుంచి వచ్చాడు", "మావాళ్లు పఠాన్లు, నిజాం ఫౌజులో ఉండేవాళ్లు", "మాది సిపాయీల ఖాందాన్". ఇన్నేళ్లలో ఎన్నో నిస్బతుల్లో, ఎన్నో వలీమాల్లో కూర్చున్నాను. "మా పర్‌నానీ ఈ ఊరి రైతుబిడ్డ" అని మొదలుపెట్టినవాళ్లను మాత్రం చూడలేదు. గుర్రం మీద వచ్చినవాడు అందరికీ యాద్ ఉంటాడు. ఆ గుర్రానికి దాణా ఎవరి చేలో పండిందో ఎవరికీ యాద్ ఉండదు.

అందుకే ఇవాళ ఒక సిపాయీ కథ రాస్తున్నాను. అరబ్ దేశంలో పుట్టి, దక్కన్‌కు వచ్చి, నిజాం కొలువులో జమేదారై, ఇక్కడే కన్నుమూసిన ఉమర్ బిన్ అవధ్ అల్ ఖుయైతీ కథ. ఈయన సంపాదనతోనే ఆయన ఔలాద్ అరేబియా తీరంలో ఒక సల్తనత్ కట్టింది. ఆ సల్తనత్ 1967 దాకా నిలబడింది. మన పిల్లలకు చెప్పుకోదగ్గ కథే. అయితే చెప్పేటప్పుడు పూరా చెప్పాలి. తల్వార్ ఒక్కటే చెప్పి హిసాబ్ దాచకూడదు.

రాయదుర్గం కాగితాల్లో మిగిలిన ఫౌజు

కథ హజ్రమౌత్‌లో మొదలవుతుంది కానీ నేను రాయదుర్గం నుంచి మొదలుపెడతాను. 2019 నవంబర్‌లో ఇక్కడిదాకా మెట్రో వచ్చింది. రోజూ వేలమంది ఆ స్టేషన్‌లో దిగి అద్దాల బిల్డింగుల్లోకి వెళతారు. వాళ్లకు ఇది ఐటీ ఇలాఖా. రెవెన్యూ దఫ్తర్‌కు మాత్రం ఇది ఇప్పటికీ పాత ఊరే. అక్కడి కాగితాల్లో ఈ ఊరు మూడు ముక్కలుగా కనిపిస్తుంది: రాయదుర్గ్ పాయిగా, రాయదుర్గ్ పన్‌మఖ్తా, రాయదుర్గ్ నవ్ ఖాల్సా.

మూడూ ఆసఫ్‌జాహీ జమానా మాటలే. ఖాల్సా అంటే సర్కారు నేరుగా శిస్తు వసూలు చేసుకునే జమీన్. నవ్ ఖాల్సా అంటే ఎవరి చేతిలోంచో తిరిగొచ్చి కొత్తగా ఖాల్సాలో కలిసినది. పన్‌మఖ్తా అంటే ఏటా ఇంత అని ఒక రఖం ఖాయం చేసి, అది కట్టే షర్తు మీద ఇచ్చినది. ఇక పాయిగా. ఈ ఫార్సీ మాటకు గుర్రాల సాల అనే అర్థం ఉంది. నిజాం కోసం గుర్రపు దళాన్ని పోషించే అమీర్లకు ఆ ఖర్చు నిమిత్తం ఇచ్చిన ఊళ్లే పాయిగా ఊళ్లు. 18వ సదీ చివర్లో రెండో నిజాం అలీ ఖాన్ దగ్గర తేగ్ జంగ్‌తో మొదలైన ఖాందాన్‌కు ఈ పాయిగా పేరే ఇంటిపేరైపోయింది.

దీని మత్లబ్ సీదా చెప్పుకుందాం. ఈ రాళ్ల గుట్టల మధ్య జొన్నో వరో పండించిన రైతు కట్టిన శిస్తు ఎక్కడో ఒక గుర్రానికి దాణా అయ్యేది, ఒక సిపాయీకి రోటీ అయ్యేది. నిజాం రియాసత్‌లో ఫౌజు ఖర్చు నడిచిన తరీఖా ఇదే. ఖజానాలోంచి నెలనెలా నగదు లెక్కపెట్టి ఇవ్వడం తక్కువ. ఊళ్లు రాసిచ్చి, వాటి ఆమ్దనీతో సిపాయీలను పోషించుకోమనడం ఎక్కువ. ఉమర్ జమేదార్ మకాం రాయదుర్గం కాదు, హైదరాబాద్ షహర్. అయినా ఆయన కథ అర్థం కావాలంటే ఈ పద్ధతి తెలియాలి. సిపాయీ జీతానికీ రైతు జమీన్‌కూ మధ్య ఉన్న తాడు ఈ ఊరి పేరులో ఇప్పటికీ కనిపిస్తోంది.

షిబాం నుంచి దక్కన్‌కు

హజ్రమౌత్ ఇప్పటి యెమన్ దేశంలో తూర్పు భాగం. సముద్రపు ఒడ్డున ముకల్లా, షిహ్ర్ అనే బందర్లు. లోపలికి వెళితే రెండు పక్కలా కొండలు, మధ్యలో వాదీ, అందులో షిబాం, సేయూన్, తరీం అనే ఊళ్లు. షిబాంలో పచ్చి మట్టి ఇటుకలతో ఏడెనిమిది అంతస్తులు కట్టుకున్నారు. ఆ మట్టి మేడల ఊరును 1982లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. ఆ షిబాం ఇలాఖా మనిషే ఉమర్ బిన్ అవధ్. కబీలా యాఫియీ.

ఇక్కడ ఒక దిల్‌చస్ప్ సంగతి. యాఫియీలు అసలు హజ్రమౌత్ వాళ్లు కాదు. పడమటివైపున్న యాఫి కొండల వాళ్లు. 16వ సదీలో అక్కడి కసీరీ సుల్తాన్ తన ఫౌజు కోసం వాళ్లను తెచ్చుకున్నాడు. వచ్చినవాళ్లు మళ్లీ వెళ్లలేదు. కాలం గడిచేకొద్దీ కోటలు, ఊళ్లు వాళ్ల చేతుల్లోకి వెళ్లాయి. అంటే, హైదరాబాద్‌కు రాకముందే ఉమర్ ఖాందాన్‌కు పరాయి గడ్డమీద సిపాయీగా దిగి అక్కడే పాతుకుపోవడం తెలుసు.

హజ్రమౌత్ గరీబు ముల్క్. వాన పడితే పంట, లేకపోతే ఆకలి. దానికి తోడు కబీలాల మధ్య ఆగని ఖూన్ బదలాలు. అందుకే అక్కడి మగవాళ్లు తరతరాలుగా సముద్రం దాటారు. సయ్యద్ ఖాందాన్లు, సౌదాగర్లు చాలామంది జావా, సింగపూర్ వైపు వెళ్లారు. కొందరు ఆఫ్రికా తూర్పు తీరానికి వెళ్లారు. చేతిలో బందూకు తప్ప వేరే పూంజీ లేని కబీలా జవాన్లు హిందుస్తాన్ ఓడ ఎక్కారు.

మొదట్లో వాళ్లకు గిరాకీ మరాఠా దర్బారుల్లో ఉండేది. బరోడాలో, పూనాలో, నాగపూర్‌లో అరబ్ దళాలు ఉండేవి. 1817 నవంబర్‌లో నాగపూర్ పక్కన సీతాబల్దీలో ఇంగ్లీషువాళ్లతో జరిగిన లడాయిలో భోంస్లే తరఫున పోరాడినవాళ్లలో అరబ్బులు ముఖ్యులు. 1818లో మరాఠాల హుకూమత్ కూలిపోయాక కుంఫిణీ వాళ్లు ఈ దళాలను చెదరగొట్టారు. కొందరిని ఓడలెక్కించి పంపేశారు. మిగిలినవాళ్లకు కనిపించిన పెద్ద దర్బార్ ఒక్కటే: హైదరాబాద్. ఉమర్ కూడా ముందు నాగపూర్ కొలువులో ఉండి, తర్వాత హైదరాబాద్ చేరాడు. అప్పటికి ఆయన లాంటి వేల అరబ్బులు ఇక్కడ పోగయ్యారు.

జమేదార్ అంటే

ఇప్పుడు జమేదార్ అంటే మనకు దఫ్తర్ గుమ్మం దగ్గర నిలబడే చిన్న ఉద్యోగి గుర్తుకొస్తాడు. ఇంగ్లీషు ఫౌజులో కూడా అది చిన్న హోదాయే. హైదరాబాద్ అరబ్ జమేదార్ సంగతి వేరు. అతడి కింద వందల మంది సిపాయీలు. వాళ్లు నిజాంకు నౌకర్లు అనడం కంటే జమేదార్‌కు నౌకర్లు అనడమే సహీ. వాళ్లను తెచ్చుకునేది అతడే, జీతమిచ్చేది అతడే, వాళ్లలో ఎవడైనా తప్పు చేస్తే ఇన్సాఫ్ చేసేదీ అతడే. షహర్ కొత్వాల్ చెయ్యి అరబ్బు మీద పడేది కాదు.

ఆ జమానాలో అరబ్ జమేదార్లలో మూడు ఖాందాన్ల పేర్లు గట్టిగా వినబడేవి: ఔలఖీ, కసీరీ, ఖుయైతీ. ఔలఖీల పెద్ద అబ్దుల్లా బిన్ అలీ. కసీరీల పెద్ద గాలిబ్ బిన్ ముహ్సిన్. ఖుయైతీల పెద్ద మన ఉమర్ బిన్ అవధ్. ముగ్గురూ నిజాం ఉప్పు తిన్నవాళ్లే. ముగ్గురి దిల్ మాత్రం హజ్రమౌత్‌లో ఉండేది. ఇక్కడ సంపాదించి అక్కడ కోటలు కట్టాలనేదే ముగ్గురి ఆర్జూ. కాబట్టి ఇక్కడ ఒకే దర్బారులో సలాం చేసిన ముగ్గురూ అక్కడ ఒకరికొకరు దుష్మన్లు.

జీతం తాకట్టుగా మారిన తీరు

ఇక అసలు విషయం. ఒక సిపాయీల నాయకుడికి, సముద్రం అవతల కోట కట్టేంత పైసా ఎక్కడిది?

జవాబు మన భాషలోనే ఉంది. ఉర్దూలో తన్ఖా అంటే నెల జీతం. తెలుగులో తనఖా అంటే తాకట్టు. రెండూ ఒకే ఫార్సీ మాట. ఒక మాటకు ఇక్కడొక అర్థం, అక్కడొక అర్థం ఎలా వచ్చాయని ఆలోచించారా? దర్బార్ దగ్గర సిపాయీకివ్వడానికి నగదు లేదు. "ఫలానా తాలూకా శిస్తు మీద నీ జీతం రాసిచ్చాం, వసూలు చేసుకో" అని కాగితం ఇస్తుంది. కాగితం పట్టుకున్నవాడికి అది జీతం. ఆ శిస్తు కట్టేవాడి వైపు నుంచి చూస్తే ఊరు తాకట్టులో పడింది. ఉర్దూ సిపాయీ వైపు అర్థాన్ని దాచుకుంది. తెలుగు రైతు వైపు అర్థాన్ని దాచుకుంది.

ఉమర్ హైదరాబాద్‌లో ఎదిగిన కాలం నాలుగో నిజాం నాసిరుద్దౌలా కాలం. 1829లో గద్దెనెక్కి 1857 దాకా ఉన్నాడు. రియాసత్ మెడలోతు కర్జాలో ఉంది. ఇంగ్లీషువాళ్ల పెత్తనంలో నడిచే కంటింజెంట్ ఫౌజుకు నిజామే జీతాలు కట్టాలి. దీవానీ నడిపిన చందూలాల్ 1843లో తప్పుకునే దాకా ఒక అప్పు తీర్చడానికి ఇంకో అప్పు చేస్తూనే ఉన్నాడు. సాహుకార్లు ఇచ్చారు, పఠాన్లు ఇచ్చారు, అరబ్ జమేదార్లూ ఇచ్చారు. బదులుగా తాలూకాలు వాళ్ల చేతుల్లోకి వెళ్లాయి. జీతం బాకీ కొంత, ఇచ్చిన అప్పు కొంత, దానిమీద పెరిగేది కొంత. జమేదార్ తన సిపాయీలతోనే వెళ్లి తన బాకీ వసూలు చేసుకునేవాడు. 1853లో కంటింజెంట్ బాకీ కింద బేరార్ ఇలాఖా మొత్తం ఇంగ్లీషువాళ్లకు అప్పజెప్పాల్సి వచ్చిందంటే ఆ కర్జా ఎంత లోతో అర్థం చేసుకోండి.

ఇంకో మాట కూడా చెప్పాలి. తెలుగులో తగాదా అంటే ఇప్పుడు కొట్లాట. అసలు అది తఖాజా. బాకీ కట్టమని గుమ్మం దగ్గర నిలబడి అడగడం. షహర్‌లోనూ జిల్లాల్లోనూ సాహుకార్లు బాకీ వసూలుకు అరబ్బులను, రోహిల్లాలను పెట్టుకునేవాళ్లు. జంబియా నడుముకు దోపుకుని ఒక అరబ్బు వచ్చి గడప ముందు కూర్చుంటే ఆ ఇంటి పరిస్థితి ఏమిటో ఊహించుకోండి. అప్పు అడగడం అనే మాట కొట్లాట అనే మాటగా మారడానికి ఆ గడపలే గవాహీ.

మనం ముసల్మాన్లం. సూద్ హరామ్ అని ఇంట్లో చిన్నపిల్లకు కూడా తెలుసు. మరి ఈ జమేదార్లు కూడా కల్మా చదివినవాళ్లే కదా అని మీరు అడగొచ్చు. అడగాలి కూడా. సిపాయీల ఖాందాన్ అని ఫఖర్‌గా చెప్పుకునేటప్పుడు ఈ సవాల్‌ను పక్కకు నెట్టేయకూడదు. వాళ్లు ఆకలి నుంచి పారిపోయి వచ్చిన గరీబులు. వచ్చాక ఇంకొక గరీబు మీద కూర్చున్నారు. రెండూ సచ్ మాటలే.

1857లో ఎటువైపు?

హైదరాబాద్‌లో 1857 అంటే మనకు వెంటనే తుర్రెబాజ్ ఖాన్ యాద్ వస్తాడు. జూలై 17న ఆయన, మౌల్వీ అలావుద్దీన్ కలిసి రోహిల్లాలను, షహర్ జనాన్ని వెంటబెట్టుకుని కోఠీలోని రెసిడెన్సీ మీద హమ్లా చేశారు. అది ఓడిపోయింది. తుర్రెబాజ్ ఖాన్ తర్వాత తూప్రాన్ దగ్గర మారాడు. మౌల్వీ సాబ్‌ను కాలాపానీకి, అండమాన్‌కు పంపారు.

ఆ రోజుల్లో అరబ్ జమేదార్లు ఎటు? దీవాన్ సాలార్ జంగ్ వైపు. సాలార్ జంగ్ ఇంగ్లీషువాళ్లతో దోస్తీ నిలబెట్టుకోవాలని ఇరాదా చేసుకున్నాడు. షహర్‌ను అదుపులో పెట్టడానికి ఆయన అరబ్ దళాల మీదే భరోసా పెట్టుకున్నాడు. వాళ్లు మాట తప్పలేదు. దీన్ని వఫాదారీ అనాలా, గద్దారీ అనాలా? నా మట్టుకు నేను ఈ రెండు మాటలూ వాడను. తుర్రెబాజ్ ఖాన్ ముల్క్ కోసం లేచాడు. జమేదార్లకు ముల్క్ అంటే హజ్రమౌత్, హైదరాబాద్ రిజ్క్ దొరికే చోటు. రిజ్క్ ఇచ్చిన చేతిని వాళ్లు వదల్లేదు. తాలూకాల కాగితాలు కూడా ఆ చేతిలోనే ఉన్నాయని మరిచిపోకూడదు. "ముసల్మాన్లు అందరూ తిరగబడ్డారు" అని ఒకరు, "నిజాం ముసల్మాన్లు అందరూ ఇంగ్లీషువాళ్లకు గులాములు" అని ఇంకొకరు రాసేటప్పుడు ఈ సంగతి ముందు పెట్టండి. ఆ జూలైలో ఈ షహర్ ముసల్మాన్లు ఒక్క వైపు లేరు.

సాలార్ జంగ్ లెక్క తేల్చాడు

సాలార్ జంగ్ 1853లో దీవాన్ అయ్యాడు, 1883లో చనిపోయే దాకా ఉన్నాడు. ఆయన చేసిన మొదటి పెద్ద పని తాకట్టులో ఉన్న తాలూకాలను విడిపించడం. తల్వార్‌తో కాదు, హిసాబ్‌తో చేశాడు. జమేదార్‌ను కూర్చోబెట్టి బాకీ ఎంతో తేల్చడం, కొంత కట్టడం, మిగతాదానికి వాయిదాలు పెట్టడం, ఊళ్లను ఖాల్సాలో కలుపుకోవడం. పైన చెప్పిన నవ్ ఖాల్సా అనే మాట వినబడినప్పుడల్లా నాకు ఈ తరహా లెక్కలే యాద్ వస్తాయి. 1865లో జిలాబందీ చేసి జిల్లాలకు సర్కారు అధికారులను పెట్టాడు. చెదురుమదురుగా ఉన్న దళాలను నజ్మ్-ఎ-జమియత్ అనే మహకమా కిందికి తెచ్చాడు. అరబ్ జమేదార్ల ఇష్టారాజ్యం అలా తగ్గుతూ వచ్చింది.

ఉమర్ బిన్ అవధ్ తెలివైనవాడు. గాలి ఎటు మారుతోందో చూశాడు. తాలూకాల మీద కాకుండా వతన్ మీద పైసా పెట్టాడు. తాను ఇక్కడే ఉండి కొడుకులను, నగదును, బందూకులను అక్కడికి పంపాడు. 1858లో షిబాం పూర్తిగా ఖుయైతీల చేతికి వచ్చింది. అప్పటికే గాలిబ్ బిన్ ముహ్సిన్ కసీరీ హైదరాబాద్ సంపాదనతో సేయూన్, తరీం వైపు తన జెండా నిలబెట్టుకున్నాడు. హైదరాబాద్‌లో పక్కపక్కన పహరా కాసిన రెండు దళాల యజమానులు ఆ వాదీలో ఎదురెదురుగా ఫిరంగులు పెట్టుకున్నారు. రెండు ఫిరంగులకూ మందు కొన్నది దక్కన్ రూపాయే.

వసీయత్

ఉమర్ 1865లో హైదరాబాద్‌లో ఇంతెఖాల్ అయ్యాడు. వసీయత్‌లో తన ఆస్తిలో మూడో వంతును హజ్రమౌత్‌లో తాను మొదలుపెట్టిన పని సాగడానికి విడిగా పెట్టి, దాని జిమ్మా కొడుకులకు అప్పగించాడు. మూడో వంతే ఎందుకో మీకు తెలుసు. షరీఅత్‌లో వసీయత్‌కు ఉన్న హద్దు అదే. మిగతాది వారిసుల హక్కు. బతికినంతకాలం తాలూకాల లెక్కలో ఏ హద్దు పాటించాడో అల్లాహ్‌కే తెలుసు, చావు ముందు ఈ హద్దు మాత్రం పాటించాడు.

ఆ మూడో వంతు వృథా కాలేదు. ఆయన పోయాక కసీరీలు 1866లో షిహ్ర్ బందర్‌ను పట్టుకున్నారు. మరుసటి ఏడు ఉమర్ కొడుకు అవధ్ దండెత్తి దాన్ని తీసుకున్నాడు. 1881లో ముకల్లా కూడా ఖుయైతీల చేతికొచ్చింది. అవధ్ బిన్ ఉమర్‌ను హైదరాబాద్‌లో నవాబ్ సుల్తాన్ నవాజ్ జంగ్ అనేవాళ్లు. 1888 మే నెలలో ఖుయైతీలు ఇంగ్లీషువాళ్లతో అహద్‌నామా రాసుకుని వాళ్ల నీడలోకి వెళ్లారు.

నాకు ఎప్పుడూ ఆశ్చర్యం కలిగించే సంగతి ఒకటుంది. అంత పెద్ద ఇలాఖాను ఏలుతూ కూడా ఈ ఖాందాన్ చాలాకాలం తమను జమేదార్ అనే పిలిపించుకుంది. సుల్తాన్ అనే లఖబ్ 1902లో వచ్చింది. నిజాం ఫౌజులోని ఒక హోదా అరేబియాలో హుకుమ్రాన్ బిరుదైంది. సుల్తాన్లు ఏలింది ముకల్లా, మనసు హైదరాబాద్. వాళ్ల దేవిడీలు ఇక్కడ ఉండేవి, నిస్బతులు ఇక్కడ కుదిరేవి, నిజాం దర్బార్‌లో వాళ్లకు కుర్సీ ఉండేది. ముకల్లాలో వాళ్లు కట్టిన మహల్‌లో హిందుస్తానీ కట్టడాల ఛాయ కనిపిస్తుంది. ఇక్కడ రంజాన్‌లో మనం తినే హలీంను షహర్ అంతా ఇష్టపడేలా చేసింది ఈ ఖాందాన్‌కే చెందిన సైఫ్ నవాజ్ జంగ్ అంటారు. హజ్రమౌత్ హరీస్‌లో దక్కన్ మసాలా పడి హలీం అయింది. కుదిరిన నిస్బత్ అంటే అదీ.

ముల్కీనా, గైర్ ముల్కీనా?

జమేదార్ల మాట అలా ఉంచి మామూలు సిపాయీ మాటకు వద్దాం. సల్తనత్ కట్టే స్థోమత అతడికి లేదు. హజ్రమౌత్ నుంచి ఔరతులను తెచ్చుకున్నవాళ్లు చాలా తక్కువ. ఇక్కడి అమ్మాయిలనే నికాహ్ చేసుకున్నారు. పిల్లలను అరబ్బీలో మువల్లద్ అన్నారు, అంటే బయట పుట్టినవాళ్లు అని. ఆ పిల్లలకు బాప్ నుంచి కబీలా పేరు వచ్చింది. మా నుంచి జుబాన్, సాలన్, లోరీ అన్నీ వచ్చాయి. షహర్‌లో ఉర్దూ, జిల్లాల్లో తెలుగు, మరాఠ్వాడాలో మరాఠీ.

షహర్ దక్షిణాన మైసారం దగ్గర అరబ్ దళం ఉన్న చోట ఇప్పుడు బార్కస్ ఉంది. బ్యారక్స్ అనే ఇంగ్లీషు మాటే అరబ్బుల నోట్లో, దక్కనీల నోట్లో నలిగి బార్కస్ అయింది. అక్కడ ఇప్పటికీ లుంగీ కట్టు వేరు, జామపండ్ల రుచి వేరు. పెళ్లి ఊరేగింపుల్లో వినిపించే మర్ఫా అక్కడి అరబ్బుల, సిద్దీల దఫ్ దెబ్బల్లోంచి వచ్చిందే. జిల్లాల్లో స్థిరపడినవాళ్లను చావుష్ అంటారు. అదీ తుర్కీ ఫౌజులో ఒక హోదా పేరే. చావుష్ ఇంటిపేరున్నవాళ్లు మీ మహల్లాలోనూ ఉండొచ్చు.

తర్వాత 1948 సెప్టెంబర్ వచ్చింది. 17న నిజాం లొంగిపోయాడు. పోలీస్ యాక్షన్ తర్వాత అరబ్బులు, పఠాన్లు అనే పేరుమీద చాలామందిని పట్టుకుని నిర్బంధంలో పెట్టారు. వీళ్లు బయటివాళ్లు, వీళ్లను ఓడలెక్కించి పంపాలి అని కొత్త సర్కారు తలపెట్టింది. అప్పుడు తలెత్తింది అసలు చిక్కు. ఎవరు బయటివాడు? ఇక్కడ పుట్టి, ఇక్కడి తల్లి పాలు తాగి, హజ్రమౌత్ మట్టి ఎప్పుడూ తొక్కనివాడు అరబ్బా, హిందుస్తానీయా? కొందరిని నిజంగానే పంపేశారు. కొందరు వాళ్లంతట వాళ్లే వెళ్లిపోయారు. చాలామంది మిగిలారు. మిగిలినవాళ్లు మేం ఇక్కడివాళ్లమే అని చెప్పుకోవడానికి పనికొచ్చింది బాప్ కబీలా కాదు. ఇక్కడ పుట్టిన పుట్టుక, ఇక్కడి తల్లి.

ఇంకో ఇత్తెఫాక్ చూడండి. ఉమర్ వారిసుల సల్తనత్ ముకల్లాలో కూలిపోయింది కూడా సెప్టెంబర్ 17నే, 1967లో. ఇంగ్లీషువాళ్లు వెళ్లిపోతుండగా అక్కడి ఇంఖిలాబీలు గద్దెను తీసేశారు. నిజాం గద్దె నీడలో పెరిగిన గద్దె, పందొమ్మిదేళ్ల తేడాతో అదే తారీఖున పోయింది. 1970ల నుంచి మన పిల్లలు జిద్దా, కువైత్, దుబాయ్ ఓడలూ విమానాలూ ఎక్కారు. ఆ రోజుల్లో రిజ్క్ వెతుక్కుంటూ అటునుంచి ఇటు, ఈ రోజుల్లో ఇటునుంచి అటు. సముద్రం అదే.

మన హిసాబ్

ఈ కథ మన ఇళ్లలో ఎలా చెప్పుకోవాలి? నాకు తోచింది చెబుతాను, ముత్తఫిక్ కావాలని జిద్దు లేదు.

ఉమర్ బిన్ అవధ్ హిమ్మత్ ఉన్న మనిషి. ఏమీ లేని చోటునుంచి వచ్చి, పరాయి జుబాన్, పరాయి హవా తట్టుకుని నిలబడ్డాడు. అది మన పిల్లలకు చెప్పాలి. ఆయన ఖజానాలో పడిన ప్రతి రూపాయి ఎక్కడో ఒక తెలుగు రైతో, మరాఠీ రైతో కట్టిన శిస్తు. ఇదీ చెప్పాలి. ముకల్లా కోట గోడల్లో మన తాలూకాల చెమట ఉంది. ఆ రైతులు ఎవరో కాదు. వాళ్లలో మన పూర్వీకులూ ఉన్నారు. తెలుగు మాట్లాడే ముసల్మాన్ ఇళ్లలో ఎక్కువ భాగం ఈ మట్టిలో పుట్టినవాళ్లవే. దూది ఏకినవాళ్లు, నేత నేసినవాళ్లు, మేకలు కోసినవాళ్లు, దున్నినవాళ్లు. అరబ్ దాదా ఉన్న ఇంట్లో కూడా దాదీ ఇక్కడిదే. కాబట్టి మన ఖాందాన్‌లో తన్ఖా తిన్నవాడూ ఉన్నాడు, తనఖాలో పడినవాడూ ఉన్నాడు. ఒకరిని దీవాన్‌ఖానాలో కూర్చోబెట్టి ఇంకొకరిని పెరట్లో నిలబెట్టడం ఇన్సాఫ్ కాదు.

నస్ల్ మీద ఫఖర్ మన దీన్‌లో లేదని జుమా ఖుత్బాలో వింటాం, మాసపు నిస్బత్‌లో మరిచిపోతాం. దానికి ఇంకో నుక్సాన్ కూడా ఉంది. "మేం అరబ్‌స్తాన్ నుంచి వచ్చాం" అని మనమే గొప్పగా చెప్పుకుంటూ ఉంటే, "అయితే అక్కడికే పొండి" అనేవాడికి మాట అందించినవాళ్లం అవుతాం. 1948లో నిర్బంధంలో కూర్చున్నవాళ్లకు ఆ మాట బరువు తెలుసు. వాళ్లను ఇక్కడ నిలబెట్టింది నానీల వైపు రక్తం. మనం పేర్లు కూడా రాసిపెట్టుకోని నానీలు.

రాయదుర్గంలో ఇప్పుడు పాయిగా గుర్రాలు లేవు. 1949 ఆగస్టులో జాగీర్లు రద్దయ్యాయి. పొలాల్లో అద్దాల మేడలు లేచాయి. దేశం నలుమూలల నుంచి పిల్లలు వచ్చి ఇక్కడ తన్ఖా తీసుకుంటున్నారు. వాళ్లలో మన పిల్లలూ ఉన్నారు, అల్‌హందులిల్లాహ్. కొందరు ఆ తన్ఖాను బ్యాంకులో తనఖా పెట్టి ఫ్లాట్లు కొంటున్నారు కూడా. వాళ్లు పనిచేసే చోటు కాగితాల్లో పాయిగా అనే మాట ఇంకా ఉంది. దాని మానే ఏమిటో ఒకసారి వాళ్లకు చెప్పండి.

ఒక చిన్న గుజారిష్‌తో ముగిస్తాను. మీ ఇంట్లో నానీ గానీ దాదీ గానీ హయాత్ ఉంటే ఈ జుమాకు పక్కన కూర్చుని అడగండి. వాళ్ల అమ్మ పేరు, ఆ అమ్మ అమ్మ పేరు, పుట్టిన ఊరు, వాళ్ల ఇంట్లో మాట్లాడిన జుబాన్, చేసిన పని. కాగితం మీద రాసుకుని, పాత దస్తావేజులున్న పెట్టెలోనే పెట్టండి. సిపాయీ సనద్ ఉంటే దాని పక్కనే. రెండూ కలిస్తేనే మన తారీఖ్ పూరా అవుతుంది.

ఖుదా హాఫిజ్.